ఫొటోకు కేయాస్ తాళం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కేయాస్ గణితంతో (తొలి విలువ రవ్వంత మారినా ఫలితం పూర్తిగా మారిపోయే లెక్కలతో), తోడేళ్ల వేటనో చీమల బారునో చూసి అల్లిన అల్గారిథమ్‌లతో ఫొటోలను ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే కీ లేనివాళ్లు చూడలేకుండా మార్చడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజనీరింగ్ ప్రాజెక్టుల వాళ్లవే. ఒకే సందేహం పదిమంది అడిగినచోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాం.

ప్రశ్న: 256×256 గ్రే ఫొటోను లాజిస్టిక్ మ్యాప్‌తో ఎన్‌క్రిప్ట్ చేయాలి. పిక్సెళ్ల చోట్లు మార్చడానికి ఆర్నాల్డ్ క్యాట్ మ్యాప్ వాడమన్నారు. మొదటి నుంచి చివరిదాకా వరుస చెబుతారా? (ఎం.టెక్. విద్యార్థి, కాకినాడ)

జవాబు: ముందు క్యాట్ మ్యాప్ సంగతి. అడ్డువరుస సంఖ్యనూ నిలువువరుస సంఖ్యనూ కూడితే కొత్త అడ్డువరుస వస్తుంది. దానికి నిలువువరుసను మరోసారి కలిపితే కొత్త నిలువువరుస. రెండింటినీ ఫొటో వెడల్పుతో భాగించి శేషం తీసుకుంటాం. నాలుగైదు సార్లు తిప్పేసరికి బొమ్మ ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ 256×256 ఫొటో సరిగ్గా 192 సార్లు తిప్పేసరికి మళ్లీ మొదటికొస్తుంది. 512 అయితే 384 సార్లు, 124 అయితే కేవలం 15. పైగా (0, 0) మూలలోని పిక్సెల్ ఎన్నిసార్లు తిప్పినా కదలదు. ఎదుటివాడు తిప్పుతూ కూర్చుంటే చాలు. క్లాసులో చూపించడానికి వాడండి, తాళంగా వద్దు.

దానికి బదులు సార్టింగ్ పద్ధతి మేలు. లాజిస్టిక్ మ్యాప్ సూత్రం మీకు తెలిసిందే: కొత్త ఎక్స్ = ర × ఎక్స్ × (1 − ఎక్స్). ఎక్స్ 0కీ 1కీ మధ్య సంఖ్య, ర మనం ఎంచుకునే స్థిరాంకం. దీనితో 65,536 విలువలు పుట్టించి, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. ఏ విలువ ఏ స్థానం నుంచి వచ్చిందో ఆ వరుసే పిక్సెళ్ల కొత్త చిరునామా. సమాన విలువలు వస్తే రెండు యంత్రాల్లో రెండు రకాలుగా పేర్చకుండా స్టేబుల్ సార్ట్ (సమాన విలువల పాత క్రమం చెదరని పేర్పు) వాడండి.

ఇక కీ. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే యాదృచ్ఛిక బైట్ల నుంచి 32 బైట్ల మాస్టర్ కీ తీసుకోండి. ప్రతి ఫొటోకూ కొత్తగా 16 బైట్ల నాన్స్ (ఒక్కసారికే వాడే సంఖ్య) పుట్టించండి. ఇది రహస్యం కాదు, ఫైల్ మొదట్లోనే రాసి పంపవచ్చు, కానీ ఎప్పుడూ రెండోసారి వాడకూడదు. మాస్టర్ కీతో ఆ నాన్స్ మీద హెచ్‌మ్యాక్ (కీతో కలిపి తీసే డిజిటల్ వేలిముద్ర, ఎస్‌హెచ్‌ఏ-256 రకం) లెక్కిస్తే 32 బైట్లు వస్తాయి. వాటిని 8 బైట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, రెండు స్థానాల మ్యాప్‌కి, రెండు విలువల మ్యాప్‌కి ఇవ్వండి: ఒకటి ఎక్స్ తొలి విలువకు, ఒకటి ర కు. ప్రతి ముక్కలో పై 52 బిట్లు మాత్రమే తీసుకుని 2⁵²తో భాగించాలి. మొత్తం 64 బిట్లూ తీసుకుంటే డబుల్‌లో (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే 64 బిట్ల రకంలో) పట్టవు. బాగా పెద్ద సంఖ్య గుండ్రమై సరిగ్గా 1 అవుతుంది, 1 తర్వాత 0, ఆ తర్వాత ఎప్పటికీ 0.

ర విలువను 3.99 + 0.01 × భిన్నం అని పెట్టండి. 3.57 దాటగానే కేయాస్ మొదలవుతుందని పాఠాల్లో చదివే ఉంటారు. నిజమే గాని మధ్యలో కేయాస్ ఆగిపోయే కిటికీలున్నాయి. ర = 3.83 పెట్టి చూడండి: 0.1561, 0.5047, 0.9574, మళ్లీ 0.1561... మూడు సంఖ్యలే తిరుగుతుంటాయి. అంటే మీ కీ స్ట్రీమ్ (పిక్సెళ్లతో కలిపే కీ బైట్ల వరుస) మూడు బైట్లు. 3.99 పైన కూడా కిటికీలు లేకపోలేదు, కానీ చాలా సన్నవి. ఇంకొకటి: డబుల్‌లో 4కి దగ్గరి సంఖ్యల మధ్య ఎడం 2⁻⁵¹ కాబట్టి ఈ సన్న పరిధిలో ర నుంచి మీకు దక్కేది 44 బిట్ల చిల్లరే. రిపోర్టులో కీ స్పేస్ (వీలైన కీల సంఖ్య) లెక్క రాసేటప్పుడు 52 అని రాయకండి.

రెండు మ్యాప్‌లలోనూ మొదటి 1000 విలువలు పారేయండి. తర్వాత విలువల మ్యాప్‌లోని ప్రతి ఎక్స్‌ను 10¹⁴తో హెచ్చించి, పూర్ణాంకం చేసి, 256తో భాగించి శేషం తీసుకోండి. అది ఒక కీ బైటు. చోట్లు మారిన పిక్సెళ్ల మీద ముందు నుంచి వెనక్కు ఒకసారి, వెనక నుంచి ముందుకు ఒకసారి గొలుసు కట్టాలి, అంటే ప్రతి బైటునూ పక్క బైటుతో ముడివేయాలి (దాని సరైన సూత్రం తర్వాతి జవాబులో ఉంది). ఈ మొత్తం వరుసను, మ్యాప్‌లను ఆపకుండా కొనసాగిస్తూ, రెండు రౌండ్లు నడపండి. చివర వేరే కీతో నాన్స్, సైఫర్ (ఎన్‌క్రిప్ట్ అయిన ఫొటో) రెండింటి మీదా హెచ్‌మ్యాక్ లెక్కించి జోడించండి. అది లేకపోతే దారిలో ఎవరైనా బైట్లు మార్చినా మీకు తెలియదు.

స్థానాలు, విలువలు వేర్వేరుగా మార్చే ఈ రెండంచెల పద్ధతి పరిశోధకురాలు జెస్సికా ఫ్రిడ్రిచ్ 1998లో ప్రచురించిన నమూనా నుంచి వచ్చింది. దాని వెనకున్న కన్ఫ్యూజన్ (కీకీ సైఫర్‌కూ ఉన్న సంబంధాన్ని దాచడం), డిఫ్యూజన్ (ఒక్క మార్పును అంతటా పరచడం) ఆలోచన గణిత శాస్త్రవేత్త షానన్‌ది, 1949 నాటిది.

ప్రశ్న: ఒక్క పిక్సెల్ మార్చి ఎన్‌పీసీఆర్ (సైఫర్‌లో మారిన పిక్సెళ్ల శాతం) లెక్కిస్తే ఒకసారి 31 శాతం, ఒకసారి 74 శాతం వస్తోంది. 99.6 రావాలంటున్నారు. గొలుసు ముందుకూ వెనక్కూ రెండుసార్లు కట్టాను. తప్పెక్కడ? (బి.టెక్. చివరి సంవత్సరం, విజయవాడ)

జవాబు: మీరు పంపిన సూత్రం ఇది: ఈ సైఫర్ బైటు = పిక్సెల్ ఎక్సార్ కీ బైటు ఎక్సార్ ముందటి సైఫర్ బైటు. తప్పు కోడులో లేదు, సూత్రంలోనే ఉంది. ఎక్సార్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0) సరళ క్రియ. ఒక పిక్సెల్‌లో వచ్చిన తేడాను *తే* అందాం. ముందుకు నడిచే గొలుసులో అక్కడి నుంచి చివరిదాకా ప్రతి బైటులోనూ అదే తే. వెనక్కు నడిచేటప్పుడు చివరి బైటులో తే, దాని ముందుదానిలో తే ఎక్సార్ తే = 0, ఆ ముందుదానిలో మళ్లీ తే. అంటే మార్చిన చోటి నుంచి చివరిదాకా సగం బైట్లే మారతాయి. దాని ముందున్నవి సరి, బేసిని బట్టి అయితే అన్నీ మారతాయి, లేకపోతే ఒక్కటీ మారదు. అందుకే మార్చిన పిక్సెల్ చోటును బట్టి మీ శాతం ఊగుతోంది.

కూడిక చేసి 256తో శేషం తీసుకోమని కొందరు చెబుతారు. కొంత మెరుగే, అయితే తేడా సరిగ్గా 128 అయినప్పుడు పై బిట్ నుంచి క్యారీ బయటికి జారిపోయి మళ్లీ అదే జబ్బు. సరైన మందు ఎస్-బాక్స్ (ప్రతి బైటుకూ బదులుగా మరో బైటు చూపే పట్టిక): ఈ సైఫర్ బైటు = పిక్సెల్ ఎక్సార్ ఎస్[ముందటి సైఫర్ బైటు ఎక్సార్ కీ బైటు]. ఎస్-బాక్స్‌గా ఏఈఎస్ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) పట్టికనే తీసుకోండి, కొత్తది కనిపెట్టనక్కర్లేదు. ఒక్క గొలుసుతో చూస్తే మార్చిన చోటి తర్వాత 100 శాతం మారి, ఆశించినదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండు గొలుసులు, రెండు రౌండ్లు అయ్యాక 99.61 దగ్గర, యూఏసీఐ (విలువల్లో సగటు మార్పు శాతం) 33.46 దగ్గర కుదురుకుంటాయి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు ఫొటోలకూ అదే కీ, అదే నాన్స్ ఉంచాలి. ఫొటో హాష్ నుంచి కీ పుట్టించే పద్ధతుల్లో ఒక్క పిక్సెల్ మారితే కీ మొత్తం మారిపోతుంది. అప్పుడు గొలుసే లేని ఉత్త ఎక్సార్‌కు కూడా 99.61 వస్తుంది. ఆ అంకె మీ గొలుసు గురించి ఏమీ చెప్పదు.

ఇంకో మాట: రిపోర్టులో లెనా బొమ్మ (ఈ రంగంలో చాలాకాలం వాడిన పరీక్ష ఫొటో) వాడారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న కొత్త వ్యాసాలు తీసుకోవడం మానేసింది. పెప్పర్స్, బాబూన్ అనే పరీక్ష ఫొటోలు వాడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫొటోను ఫోన్‌లో కాట్లిన్ యాప్ విప్పలేకపోతోంది. ఎక్స్‌ను 256తో హెచ్చించి కీ బైటు తీసి ఎక్సార్ చేస్తున్నాం. మొదటి 45 పిక్సెళ్లు సరిగా వచ్చి తర్వాత అంతా చుక్కలే. కీ ఒకటే, సరిచూశాం. (ఇద్దరు విద్యార్థులు, వరంగల్)

జవాబు: 45 దాకా సరిపోయిందంటే రెండుచోట్లా డబులే వాడారు. ఫోన్‌లో ఫ్లోట్ (32 బిట్ల దశాంశ రకం) పెట్టి ఉంటే 15, 20 పిక్సెళ్లకే తప్పేది. కాబట్టి సూత్రం రాసిన తీరు చూడండి. ఒకచోట ర × ఎక్స్ × (1 − ఎక్స్) అనీ, మరోచోట ర × ఎక్స్ − ర × ఎక్స్ × ఎక్స్ అనీ రాసి ఉంటారు. బీజగణితంలో రెండూ ఒకటే. కంప్యూటర్‌లో ఒక్కో గుణకారం దగ్గరా చివరి అంకె గుండ్రమవుతుంది, ఆ గుండ్రమయ్యే చోట్లు వేరు. తేడా 10⁻¹⁶ అంతే. కానీ ఈ మ్యాప్ ఒక్కో అడుగుకూ దాన్ని సగటున రెట్టింపు దాకా పెంచుతుంది. యాభై అడుగులు తిరిగేసరికి రెండు దారులకూ సంబంధమే ఉండదు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ తన నమూనాలో 0.506127 బదులు 0.506 కొట్టి చూసింది ఇదే. మీరు తాళంగా వాడుకుంటున్న గుణమే మీ మీదికి తిరిగింది.

రెండుచోట్లా ఒకే క్రమంలో, ఒకే కుండలీకరణాలతో రాయండి. ఇంకా నమ్మకంగా కావాలంటే దశాంశాలే వదిలేసి పూర్ణాంకాలతో చేయండి. అప్పుడు 32 బిట్లతో సరిపెట్టుకోవద్దు. 32 బిట్ల స్థితితో నడిచే మ్యాప్ సగటున 2¹⁶ స్థాయిలోనే, అంటే 65 వేల అడుగుల చుట్టుపక్కలే, పాత దారిలో పడిపోతుంది. ఒక్క 256×256 ఫొటోకే అయిపోతుంది. 64 బిట్ల స్థితి పెట్టుకుని, గుణకారాన్ని 128 బిట్లలో చేసి పై సగం తీసుకోండి. టెంట్ మ్యాప్ (గుడారం ఆకారపు గీతతో నడిచే మరో కేయాస్ సూత్రం) వాడదామనుకునేవాళ్లకు కూడా ఇక్కడే హెచ్చరిక: దాని వాలు సరిగ్గా 2 అయితే డబుల్‌లో అడుగుకొక బిట్ జారిపోతూ 60 అడుగుల లోపే సున్నాకు చేరి అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద అది చక్కని కేయాస్.

256తో హెచ్చించడం కూడా మానండి. లాజిస్టిక్ మ్యాప్ విలువలు సమంగా పరచుకోవు, రెండు కొసల దగ్గర గుమిగూడతాయి. ర = 4 దగ్గర 0 అనే బైటు దాదాపు 4 శాతం సార్లు వస్తుంది, 255 కూడా అంతే. రావాల్సింది 0.39 శాతం. తెల్లని ఆకాశం ఉన్న ఫొటో అయితే సైఫర్ హిస్టోగ్రామ్‌లోనే గుట్టు బయటపడుతుంది.

ప్రశ్న: క్యాట్ మ్యాప్, ఆ పైన లాజిస్టిక్ ఎక్సార్. ఎంట్రపీ (బైట్లు ఎంత యాదృచ్ఛికంగా పరచుకున్నాయో చెప్పే కొలత, గరిష్ఠం 8) 7.9975, పక్కపక్క పిక్సెళ్ల సహసంబంధం 0.002. నాన్స్ లేదు, కీ ఎప్పుడూ ఒకటే. ఇంత మంచి అంకెలు వచ్చాక దీన్ని ఎవరైనా విప్పగలరా? (అధ్యాపకుడు, తిరుపతి)

జవాబు: విప్పగలరు. కీ తెలియనక్కర్లేదు, మూడు ఫొటోలు చాలు. మీ యంత్రంలోకి తనకు కావలసిన ఫొటో పంపి సైఫర్ చూడగలిగిన మనిషి ఉన్నాడనుకోండి. మొదట పూర్తి నల్ల ఫొటో పంపుతాడు. అన్నీ సున్నాలే కాబట్టి చోట్లు మారినా సున్నాలే, బయటికొచ్చింది మొత్తం మీ కీ స్ట్రీమ్. రెండోసారి ప్రతి పిక్సెల్‌లోనూ దాని అడ్డువరుస సంఖ్య (0 నుంచి 255) రాసిన ఫొటో పంపుతాడు. మూడోసారి నిలువువరుస సంఖ్య రాసినది. రెండింటి నుంచీ కీ స్ట్రీమ్ తీసేస్తే ప్రతి పిక్సెల్ ఏ అడ్డువరుస, ఏ నిలువువరుస నుంచి వచ్చిందో అక్కడే రాసి ఉంటుంది. ఇక మీరు ఆ కీతో పంపే ఏ ఫొటో అయినా అతనికి తెరిచిన పుస్తకమే. ఎక్సార్ గొలుసు కట్టినా లాభం లేదు. పక్కపక్క సైఫర్ బైట్లను ఎక్సార్ చేస్తే గొలుసు ఊడిపోతుంది.

ఎంట్రపీ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. 65,536 బైట్లను నిజంగా యాదృచ్ఛికంగా పోసినా ఎంట్రపీ 8 రాదు, సగటున 7.9972 వస్తుంది, అటూ ఇటూ 0.00025 ఊగుతుంది. కాబట్టి 7.9970కీ మీ 7.9975కీ తేడా లేదు, అది అదృష్టం. అంకె తగ్గితే పద్ధతి చెడ్డదని తెలుస్తుంది. అంకె బాగుంటే మంచిదని తెలియదు. ఈ మూడు ఫొటోల దాడిని విద్యార్థుల చేత చేయించండి. ఒక ల్యాబ్ పీరియడ్‌లో అయిపోతుంది, ఎంట్రపీ పట్టికలు పది నింపించినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ప్రశ్న: గ్రే వుల్ఫ్, వేల్, కుకూ సెర్చ్, పార్టికల్ స్వార్మ్... ఇన్నింటిలో ఫొటో ఎన్‌క్రిప్షన్‌కు ఏది మంచిది? (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: ఏది అనేకంటే ముందు దేనికి అని అడగాలి. ఎక్కువ వ్యాసాల్లో జరిగేది ఇది: ఎక్స్, ర విలువలను ఒక తోడేలు (అల్గారిథమ్ పరీక్షించే ఒక జవాబు) స్థానంగా తీసుకుని, ఆ కీతో ఫొటోను ఎన్‌క్రిప్ట్ చేసి, వచ్చిన ఎంట్రపీని దాని మార్కుగా వేస్తారు. 30 తోడేళ్లు, 100 తరాలు అంటే ఒక్క ఫొటోకు 3000 సార్లు ఎన్‌క్రిప్షన్. చివరికి 7.9972 కాస్తా 7.998 అవుతుంది. పై జవాబులో చెప్పిన ఊగిసలాటలో 3000 సార్లు పాచిక వేసి అన్నిటికన్నా పెద్దది ఏరుకుంటే వచ్చే అంకె అది. 3000 కీలను గుడ్డిగా ఎంచినా దాదాపు అదే వస్తుంది. భద్రత రవ్వంత పెరగదు. పైగా కీ ఫొటోను బట్టి మారుతుంది కాబట్టి ప్రతి ఫొటోతోపాటు కొత్త కీని రహస్యంగా చేరవేయాల్సిన బరువు నెత్తినపడుతుంది.

ఈ అల్గారిథమ్‌లు చెడ్డవని కాదు. హాలండ్ 1975లో జెనెటిక్ అల్గారిథమ్ గురించి రాసినప్పటి నుంచి, డోరిగో చీమలు (1992), కెనడీ–ఎబర్‌హార్ట్ పక్షుల గుంపు (1995) దాకా ఇవన్నీ లెక్కలేనన్ని వీలైన జవాబుల్లోంచి మంచిదాన్ని వెతకడానికి పనికొస్తాయి. ఫొటోలో వాటర్‌మార్క్ (యజమాని గుర్తు) దాచేటప్పుడు పరస్పరం లాక్కునే లక్ష్యాల మధ్య రాజీ వెతకాల్సిన పని నిజంగా ఉంది. గాఢత పెంచితే కుదింపుకు తట్టుకుంటుంది, కంటికి కనిపిస్తుంది. తగ్గిస్తే దాగుతుంది, చెరిగిపోతుంది. అక్కడ పార్టికల్ స్వార్మ్‌కు పని ఉంది.

ఎన్‌క్రిప్షన్‌లోనే చేయాలంటే ఎస్-బాక్స్ డిజైన్ తీసుకోండి. 0 నుంచి 255 వరకు సంఖ్యలను ఏ వరుసలో పేర్చాలన్నదే సమస్య. మామూలు క్రాసోవర్ (రెండు జవాబుల ముక్కలు కలిపి కొత్తది చేయడం) చేస్తే ఒకే సంఖ్య రెండుసార్లు వచ్చి పెట్టె విప్పలేనిదవుతుంది. వరుస చెడని ఆర్డర్ క్రాసోవర్, రెండు స్థానాలు మార్చే మ్యూటేషన్ (చిన్న యాదృచ్ఛిక మార్పు) వాడండి. మార్కులు నాన్‌లీనియారిటీకి (సరళ సూత్రాలకు పెట్టె ఎంత దూరంగా ఉందో చెప్పే కొలతకు) వేయండి, కానీ 8 అవుట్‌పుట్ బిట్ల సగటుకు కాదు, వాటి కలయికలు మొత్తం 255లో కనిష్ఠానికి. ఫాస్ట్ వాల్ష్ పరివర్తనతో (ఆ కొలతను త్వరగా లెక్కించే పద్ధతితో) ఒక పెట్టెకు ఐదు లక్షల చిల్లర కూడికలే పడతాయి. ఉత్తినే కలిపేసిన పెట్టెకు ఆ కనిష్ఠం 92, 94 దగ్గర ఉంటుంది, ఏఈఎస్ పెట్టెకు 112. సగటు చూపించి 106 అని రాసే వ్యాసాలు పోటీని ఎక్కువ చేసి చూపుతున్నాయి. మీ పెట్టె 255 కలయికల కనిష్ఠంలో 100 దాటితే అది చెప్పుకోదగ్గ పనే.

డీఎన్‌ఏ కోడింగ్ గురించి కూడా అడిగారు. రెండు బిట్లకు ఏ, సీ, జీ, టీ అక్షరాలు పెట్టడమే అది. జంట నియమం పాటించే అమరికలు 8 మాత్రమే. అక్షరాలు మారినంతలో గణితం మారదు.

ప్రశ్న: మా స్కానింగ్ సెంటర్ నుంచి సీటీ ఫొటోలు డాక్టర్లకు మెయిల్‌లో పంపుతాం. ‘ఏఈఎస్ ఫొటోలకు పనికిరాదు, కేయాసే మేలు’ అంటూ ఒకరు సాఫ్ట్‌వేర్ అమ్మజూపుతున్నారు. కొనవచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు. రోగుల ఫొటోలతో ప్రయోగాలు చేయకూడదు. ఏఈఎస్ 2001 నుంచి అమెరికా ప్రమాణం. ఇన్నేళ్లుగా ప్రపంచమంతా దాడి చేసి చూసి నిలబెట్టుకున్నది. ‘ఫొటోలకు పనికిరాదు’ అన్న మాట ఈసీబీ అనే మోడ్ (ఏఈఎస్‌ను నడిపే ఒక తీరు) వల్ల పుట్టింది. అందులో ఒకేలా ఉన్న 16 బైట్ల ముక్కలు ఒకే సైఫర్‌గా మారి బొమ్మ ఆకారం కనిపిస్తుంది. సీటీఆర్, జీసీఎం మోడ్‌లలో ఆ ఇబ్బంది లేదు. వేగం మాటకొస్తే ఇప్పటి ప్రాసెసర్లలో ఏఈఎస్‌కు ప్రత్యేక సూచనలే ఉన్నాయి.

మరో రెండు ప్రమాదాలు చూడండి. డైకామ్ (స్కాన్ ఫొటోల ప్రామాణిక రకం) ఫైల్‌లో రోగి పేరు, పుట్టిన తేదీ హెడర్‌లో, అంటే ఫైల్ మొదటి భాగంలో ఉంటాయి. పిక్సెళ్లను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్ వాటిని బట్టబయలుగానే పంపుతుంది. ఇక సీటీ విలువలు −1024 నుంచి 3071 దాకా, 12 బిట్లవి. 8 బిట్ల ఫొటోల కోసం రాసిన ప్రోగ్రామ్ వాటిని 256 మెట్లకు కుదించేస్తే విప్పాక వచ్చేది అసలు స్కాన్ కాదు, డాక్టర్‌కు పనికిరాదు.

ప్రస్తుతానికి ఫోల్డర్ మొత్తాన్ని 7-జిప్‌లో 7జెడ్ రకంగా, ఏఈఎస్-256తో, ఫైల్ పేర్లు కూడా దాచే గడికి టిక్ పెట్టి కట్టండి. పాస్‌వర్డ్ 16 అక్షరాలకు తగ్గకూడదు, ఫోన్ నంబరో సెంటర్ పేరో కాకూడదు. దాన్ని అదే మెయిల్‌లో రాయకండి, ఫోన్‌లో చెప్పండి.

ప్రశ్న: ఎన్‌క్రిప్ట్ చేసిన ఫొటోను వాట్సాప్‌లో డల్లాస్‌లోని అన్నయ్యకు పంపాను. అక్కడ విప్పితే చుక్కలే. నా దగ్గర బాగానే విప్పుకుంటోంది. (గుంటూరు)

జవాబు: ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేసి జేపెగ్‌గా కుదిస్తుంది. కంటికి తెలియని చిన్న తేడాలు మామూలు ఫొటోలో ఫర్వాలేదు, సైఫర్‌లో మాత్రం దాదాపు ప్రతి బైటూ మారిపోయి విప్పినప్పుడు చుక్కలే మిగులుతాయి. పీఎన్‌జీగా సేవ్ చేసి ‘డాక్యుమెంట్’గా పంపండి. సైజు చూసి కంగారుపడకండి: 12 మెగాపిక్సెళ్ల రంగు ఫొటో పిక్సెళ్లుగా 36 ఎంబీ, చుక్కలైపోయాక పీఎన్‌జీ దాన్ని కుదించలేదు. పిక్సెళ్లను కాకుండా మూడు నాలుగు ఎంబీల జేపెగ్ ఫైల్‌నే నేరుగా ఎన్‌క్రిప్ట్ చేస్తే సైజు అంతే ఉంటుంది, అన్నయ్య దగ్గరా చక్కగా తెరుచుకుంటుంది.